కెమెరా చూపు గేటు దిక్కు, పాస్‌వర్డ్ నీ దిక్కు

ఇంటికి కెమెరాలు పెట్టిద్దామనుకుంటున్నరా చెల్లె? మంచి ముచ్చటనే. బతుకమ్మకు తల్లిగారింటికి పోయినా, పిల్లలను తీసుకొని మేడారం పోయినా, వేములవాడల ఒక్క రాత్రి నిద్ర చేసినా ఇంటి మీదనే పాణం కొట్టుకుంటది. మన కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ దిక్కు ఎన్ని ఇండ్లల్లనో మగవాళ్ళు దుబాయిల, మస్కట్‌ల ఉంటరు. ఇంట్ల మిగిలేది అత్తమ్మ, కోడలు, చిన్నపిల్లలు. రాత్రి గేటు చప్పుడైతే లేచి లైటేసి కిటికీల నుంచి తొంగి చూసే బాధ ఎట్లుంటదో నీకు చెప్పేదేమున్నది. అందుకే కెమెరా వద్దని నేననను. అది ఏ దిక్కు చూడాలె, దాని పెత్తనం ఎవరి చేతిల ఉండాలె అన్నదే నా ముచ్చట.

ముందుగాల ఒక ఆడమనిషి సంగతి విను. న్యూయార్క్‌ల క్వీన్స్ దిక్కు జమైకా అనే పేటల మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అని ఒక నర్సు ఉండేది. ఆమెకు, ఆమె పెనిమిటికి వేళాపాళా లేని డ్యూటీలు. రాత్రిళ్ళు ఇంట్ల ఒక్కతే ఉండుడు, ఆ పేటకు పోలీసులు ఎప్పుడూ ఆలస్యంగ వచ్చుడు. ఆ భయంల నుంచే ఆమె ఒక ఉపాయం కట్టింది. భర్త ఆల్బర్ట్‌తోని కలిసి 1966 ఆగస్టుల పేటెంటుకు దరఖాస్తు పెట్టింది, 1969 డిసెంబర్ 2న అది చేతికొచ్చింది. తలుపుకు ఒకదాని మీద ఒకటి నాలుగు రంధ్రాలు, వాటి వెనుక పైకి కిందికి జరిగే కెమెరా, పడకగదిల ఒక టీవీ. బయట ఎవరు నిలబడ్డరో మంచం కాడికెల్లే చూడొచ్చు, వాళ్ళతోని మాట్లాడొచ్చు, మనవాళ్ళయితే మీట నొక్కి తలుపు తియ్యొచ్చు, కానోళ్ళయితే ఇంకో మీట నొక్కి సాయం పిలవొచ్చు. ఇయ్యాల ఇండ్లకు పెట్టే కెమెరాలన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఆమె కెమెరాను తలుపు బయటికి తిప్పింది, మీటలేమో తన చేతికి అందేటట్టు పెట్టుకున్నది. ఈ రెండు సంగతులు మనసుల పెట్టుకో చెల్లె, ఎందుకంటే మన దగ్గర చాలా ఇండ్లల్ల ఈ రెండే తారుమారైతున్నయి.

ఇగ ఇంటికొద్దాం. దుకాణపాయన నాలుగు కెమెరాలు, బొమ్మలు రికార్డు చేసే డీవీఆర్ డబ్బ ఒకటి, ఒక హార్డ్ డిస్కు కలిపి సెట్టు అని చెప్తడు. నాలుగే ఎందుకంటే సెట్టు అట్ల వస్తది కాబట్టి. మన ఇంటికి రెండే చాలొచ్చు, అయిదు కావాల్సిరావొచ్చు. కాబట్టి దుకాణం పోకముందు ఒకనాడు పొద్దుమూకినంక ఇంటి చుట్టు ఒక చుట్టు తిరుగు. ఎవడన్నా లోపలికి రావాల్నంటే ఎటు నుంచి వస్తడు? గేటు సరే. పక్క సందుల గోడ పొట్టిగున్నదా? దొడ్డి దర్వాజకు గడియ సక్కగ పడ్తదా? బంగ్ల మీదికి మెట్లు బయటికెల్లి ఉన్నయా? బండి ఎక్కడ ఆపుతరు? ఒక కాగితం మీద ఇల్లు గీసి ఆ జాగలకు గుర్తు పెట్టుకో. దొంగ తప్పనిసరిగ అడుగు పెట్టాల్సిన జాగలు ఏ ఇంటికైనా రెండు మూడే ఉంటయి. కెమెరాలు ఆడికే కావాలె. మిగిలిన పైసలతోని దర్వాజలకు మంచి తాళం, సందుల ఒక లైటు పెట్టిచ్చుకో. కెమెరా దొంగను చూస్తది గని పట్టుకోదు, ఆపేది తాళమే.

కెమెరా ఎంత ఎత్తుల పెట్టాలన్న దగ్గర మనోళ్ళు బాగ మోసపోతరు. ఎవరికీ అందొద్దని సజ్జ మీద పన్నెండు పదమూడు ఫీట్ల ఎత్తున బిగిస్తరు. తీరా దొంగతనం అయినంక రికార్డు తీసి చూస్తే కనపడేది నెత్తికి చుట్టుకున్న తువ్వాల, భుజాలు. మొఖం లేదు. ఎనిమిది తొమ్మిది ఫీట్ల ఎత్తు సరిపోతది. ఒక కెమెరా మాత్రం మనిషి ఎదురుంగ నడుచుకుంట వచ్చే జాగల, మొఖం పడేటట్టు ఉండాలె.

లెన్సు సంగతి కూడ అడగాలె. దుకాణాల్ల ఎక్కువ ఇచ్చేది 2.8 ఎంఎం. అది వాకిలంత ఒక్క చూపుల చూపిస్తది, చూసేటందుకు సంబురంగ ఉంటది. కాని అంత వెడల్పు చూపించేటప్పుడు మనిషి చిన్నగైపోతడు. కొత్త మనిషి మొఖం గుర్తుపట్టాల్నంటే మీటరు వెడల్పుకు 250 చుక్కలన్న (పిక్సెళ్ళు) ఉండాలని నిపుణులు పెట్టుకున్న లెక్క. రెండు మెగాపిక్సెళ్ళ కెమెరాల అడ్డంగ ఉండేవి 1920 చుక్కలు. అంటే బొమ్మల ఏడున్నర మీటర్ల వెడల్పు దాక మాత్రమే మొఖం ఆనవాలు పట్టొచ్చు. 2.8 లెన్సుతోని ఆ వెడల్పు పది ఫీట్ల దూరంలనే వచ్చేస్తది. గేటు ఇరవై అయిదు ఫీట్ల దూరం ఉంటే, గేటుకాడ మనిషి వచ్చిండని తెలుస్తది గని ఎవరొచ్చిండో తెల్వదు. అసొంటి గేటుకు 6 ఎంఎం లెన్సు అడుగు. వాకిలంత చూసేటందుకు ఒకటి, గేటుకాడ మొఖం చూసేటందుకు ఇంకొకటి, ఈ రెండు మంచిగ కుదిరితే చాలా ఇండ్లకు పని అయిపోయినట్టే.

మన ఇండ్లు ఎక్కువ తూర్పు వాకిలివి. దర్వాజ మీద కెమెరా పెడితే పొద్దుగాల ఎండ సక్కగ దాని కంట్ల పడ్తది, గేటుకాడ మనిషి నల్ల నీడలెక్క కనపడ్తడు. పడమటి వాకిలైతే సాయంత్రం అదే గోస. అందుకే ఎండను, నీడను రెండిటిని సమానంగ చూపించే డబ్ల్యూడీఆర్ ఉన్న కెమెరా అడగాలె, లేకుంటే పక్క గోడకు తిప్పి పెట్టిచ్చాలె. రాత్రి ఎట్ల కనపడ్తదో దుకాణంల తెల్వదు, ఇంటికాడనే చూడాలె. కెమెరా పక్కనే తెల్ల సున్నపు గోడ ఉంటే రాత్రి కెమెరా ఇచ్చే సొంత వెలుతురే గోడకు తాకి వెనుకకు కొట్టి బొమ్మ మొత్తం తెల్లగైతది. సాలీడు గూడు కట్టినా అంతే. నెలకొకసారి పాత బట్ట కట్టెకు చుట్టి దుమ్ము, బూజు దులిపితే సరి.

ఇగ కోతులు. హైదరాబాదోళ్ళకు చెప్తే నవ్వుతరు గని మన దిక్కు కెమెరా పెట్టాల్నంటే దొంగకంటె ముందు కోతిని తలుచుకోవాలె. నిర్మల్ దగ్గర చించోలిల కోతుల కోసం ప్రత్యేకంగ సంరక్షణ కేంద్రమే కట్టిన్రంటే బాధ ఎంతున్నదో తెలుసుకో. గొట్టంలెక్క ముందుకు పొడుచుకొచ్చిన బుల్లెట్ కెమెరా కోతికి ఊయల. పట్టుకొని ఊగుతది, కెమెరా ఆకాశం దిక్కు తిరుగుతది, నువ్వు పది రోజులకు చూసుకుంటవు. గోడకు అంటుకొని గుండ్రంగ ఉండే డోము కెమెరాకు పట్టు దొరకదు. వైరు అసలే బయట వేలాడొద్దు, మొత్తం పీవీసీ పైపుల నుంచే పోవాలె. పైపుకు అయ్యే ఖర్చు చూసి వెనుకకు పోకు.

వానలు, ఉరుములు మొదలైతే ఆదిలాబాద్ దిక్కు పిడుగుల భయం తెలిసిందేనాయె. గేటుదాక పొడుగుగ పోయిన రాగి వైరు పట్టుకొని కరెంటు దెబ్బ లోపలికొస్తే కెమెరాతోపాటు డీవీఆర్, ఒక్కోసారి టీవీ కూడ పోతది. ఇంటికి ఎర్తింగు సక్కగున్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తోని చూపిచ్చుకో, కెమెరాల లైనుకు సర్జ్ ప్రొటెక్టర్ పెట్టిచ్చుకో. బయట పెట్టేటియి ఐపీ66 గాని ఐపీ67 గాని అని రాసి ఉన్నవే కావాలె. దుమ్ముకు, వానకు తట్టుకుంటదనే గుర్తు అది. రామగుండం ఎండకు ప్లాస్టిక్ పెంకు చిట్లిపోతది, అందుకే సజ్జ నీడ ఉన్న జాగ చూసుకుంటే కెమెరా ఎక్కువ కాలం వస్తది. కరెంటు పోతే అన్నీ బందైతయి కాబట్టి కెమెరాలను, డీవీఆర్‌ను, ఇంటర్నెట్ డబ్బను మూడిటిని ఇన్వర్టర్ లైనుకే కలపమను. అవి గుంజే కరెంటు ఒక ఫ్యాను అంత కూడ ఉండదు.

ఎన్ని రోజుల రికార్డు ఉంటదని తప్పకుండ అడుగు. ఒక్క కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల లెక్కన రాసుకుంట పోతే రోజుకు ఇరవై ఒక్క జీబీ దాక అయితది. నాలుగు కెమెరాలకు ఎనభై అయిదు పైన. ఒక టీబీ హార్డ్ డిస్కు పదకొండు రోజులకు నిండి పాతది చెరిపేసుకుంటది. పదిహేను రోజులు కాశీ యాత్ర పోయొచ్చి బీరువా తెరిచి చూసుకుంటే అప్పటికే దొంగతనం బొమ్మ పోయి ఉంటది. నాలుగు కెమెరాలకు రెండు టీబీలు పెట్టుకుంటే ఇరవై మూడు రోజులు వస్తయి. హెచ్.265 పద్ధతిల రాసుకునే డీవీఆర్ అయితే అదే డిస్కుల ఇంకా ఎక్కువ రోజులు పడ్తయి. ఉమ్మడి రాష్ట్రంల 2013ల చేసిన ప్రజాభద్రత చట్టం జనం బాగ వచ్చే దుకాణాలకు, ఆస్పత్రులకు 30 రోజుల రికార్డు ఉంచాలని చెప్పింది. ఇండ్లకు ఆ రూలు లేదు, కాని ఆ 30 రోజుల లెక్క మంచి లెక్కనే. ఇంకొక మాట, డీవీఆర్ డబ్బను టీవీ కింద పెట్టకు. దొంగలు ఇప్పుడు బీరువాతోపాటు దాన్ని కూడ ఎత్తుకపోతున్నరు. వేరే అర్రల అటక మీదనో, తాళం పడే అల్మారలనో గాలి ఆడేటట్టు పెట్టిచ్చు.

బాయికాడ మోటరు, స్టార్టరు పోతున్నయని, ఇంటి ముంగట ఏరిపెట్టిన పత్తికి కావలి కావాలని అడిగేటోళ్ళు ఉన్నరు. దానికి సిమ్ కార్డు, సోలార్ పలక ఉన్న 4జీ కెమెరాలు వస్తయి. కొనకముందు నీ ఫోన్ పట్టుకపోయి ఆడ ఏ సిమ్‌కు సిగ్నల్ వస్తదో చూడు. ఉట్నూర్, నార్నూర్ దిక్కు లోపలి ఊర్లల్ల ఒకటి రెండు కంపెనీల సిగ్నలే అందుతది. ఆకు కదిలినా, కుక్క ఉరికినా ఫోన్ మోగితే నాలుగు రోజులకు నువ్వే దాని నోరు మూసేస్తవు, అందుకే మనిషిని గుర్తుపట్టి మాత్రమే చెప్పేటిది తీసుకో. కవ్వాల్ అడవిల పులుల కోసం పెట్టే కెమెరాలు కూడ ఒంటి వేడి కదిలితేనే బొమ్మ తీస్తయి, లేకుంటే అడవిల కదిలే ప్రతి కొమ్మకు ఒక ఫోటో చూసుకోవాల్సొస్తుండె.

ఇప్పుడు అసలు సంగతికొస్త.

బయట రెండు కెమెరాలు పెట్టినంక, సెట్టుల ఇంకో రెండు మిగిలినయని హాల్‌ల ఒకటి, వంటింటి దర్వాజ మీద ఒకటి పెట్టి పోతరు. దుబాయిల ఉన్న మనిషి ఫోన్‌ల ఇల్లంత కనపడ్తది. పిల్లలను చూసుకోవాలనే ఆశ ఆయనకు ఉంటది, కాదనను. రెండేండ్లకొకసారి వచ్చి పొయ్యే తండ్రికి బిడ్డ నడిచేది చూడాలని ఉండదా. కాని రోజులు గడిచినకొద్ది ఫోన్‌ల ప్రశ్నలు మొదలైతయి. పొద్దున ఎవరొచ్చిన్రు? అంతసేపు ఏం మాట్లాడిన్రు? మధ్యాహ్నం ఎందుకు పండుకున్నవు? ఆ ఇంట్ల ఆడపిల్ల చున్నీ లేకుండ హాల్‌లకు రావాల్నంటే జంకుతది, కోడలు తన ఇంట్లనే అద్దాల అంగట్ల కూసున్నట్టు బతుకుతది. కావలి కోసం పెట్టింది ఇంటోళ్ళ మీద నిఘాగ మారుతది. బిడ్డను చూడాల్నంటే వీడియో కాల్ ఉన్నది కదా, రోజూ చెయ్యున్రి, మొఖాలు చూసుకొని మాట్లాడున్రి. ఇంట్ల కెమెరా వద్దు. ఇది నా గట్టి మాట.

ముసలి అత్తమ్మ పడిపోతదేమోనని భయం ఉంటే, ఆమెకు చెప్పి, ఆమె సరేనంటేనే, మంచం ఉన్న మూలకు మాత్రమే ఒకటి పెట్టుకోవచ్చు. బట్ట మార్చుకునే వేళ దాన్ని ఆపే స్విచ్చు ఆమెకో నీకో అందాలె.

కోర్టులు కూడ ఇదే అంటున్నయి. ఒకే ఇంట్ల ఉండే అన్నదమ్ముల తగాదాల, కలిసి ఉండేవాళ్ళ సమ్మతి లేకుండ ఇంటి లోపలి భాగంల కెమెరాలు నడపొద్దని 2025 ఫిబ్రవరిల కలకత్తా హైకోర్టు చెప్పింది, దాన్ని సుప్రీంకోర్టు కూడ కాదనలేదు. ఆడమనిషి తన ఏకాంతంల ఉన్నప్పుడు ఆమెకు తెల్వకుండ చూసినా, బొమ్మ తీసినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. పక్కింటోళ్ళ విషయంల కూడ ఇదే జాగ్రత్త. మన ఊర్లల్ల దొడ్డిలనే స్నానాల గది ఉంటది, బోరు కాడనే తానాలు చేస్తరు. నీ వెనుక కెమెరా వాళ్ళ దొడ్డిలకు చూస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు ఏమనుకుంటరు? కెమెరాను కిందికి వంచు, లేదంటే బొమ్మల ఆ జాగను నల్లగ కప్పే ప్రైవసీ మాస్క్ పెట్టమను, అది చాలా డీవీఆర్‌లల్ల ఉంటది. ఇంటి ముంగట అరుగు మీద నలుగురు కూసొని బీడీలు చేసుకుంట కష్టసుఖం చెప్పుకునే జాగ ఉంటే దాని మీద కెమెరా పడకుండ చూడు. వాళ్ళ మాటలు రికార్డయ్యే మైకు బంద్ చెయ్యి. ఎక్కడెక్కడ కెమెరా ఉన్నదో నువ్వే పోయి చెప్పు, వదినె, ఇగో గేటు మీద పెట్టిచ్చినం, మీ దర్వాజ కనపడదు, వచ్చి చూసుకో అని. ఆ ఒక్క మాటకు ఎంత తగాదా తప్పుతదో.

పాస్‌వర్డ్ సంగతి చెప్పి ముగిస్త. బిగించేటందుకు వచ్చిన పిల్లగాడు తొందరల తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ పెట్టి యాప్ తెరుస్తడు, నీ ఫోన్‌ల చూపిచ్చి పోతడు. అప్పుడు ఆ కెమెరాలకు యజమాని అతనే, నువ్వు అతను దయతలిస్తే చూసేదానివి. అతను మంచోడే కావొచ్చు, అయినా నీ ఇంటి బొమ్మ పరాయి ఫోన్‌ల ఎందుకుండాలె? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ అట్లనే ఉంచితే లోకంల ఎవరైనా చూడొచ్చు. గుజరాత్‌ల రాజ్‌కోట్‌ల ఒక ప్రసూతి ఆస్పత్రి కెమెరాలల్లకు దుండగులు చొరబడి, పరీక్షకు వచ్చిన ఆడవాళ్ళ వీడియోలను అమ్ముకున్నరని 2025 మొదట్ల బయటపడ్డది. పాస్‌వర్డ్ మార్చకపోవుడే వాళ్ళకు దారి ఇచ్చిందని వార్తలొచ్చినయి. ఆ వార్త చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు చెల్లె. కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 9 నుంచి కెమెరాలకు భద్రత పరీక్ష తప్పనిసరి చేసింది, అది పాసైనవే అమ్మాలె. కాబట్టి పేరూ ఊరూ లేనిది చవుకగ వస్తున్నదని తీసుకోకు. డబ్బ మీద బిఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతోని రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదా చూడు, బిల్లు తీసుకో.

రేపు ఏదన్నా జరిగి రికార్డు పోలీసులకు ఇయ్యాల్సొస్తే, ముందుగాల డీవీఆర్‌ల గడియారం సరిగున్నదా చూసుకోవాలె. టైము అరగంట తప్పున్నా కేసుల చిక్కులొస్తయి. వీడియోను కత్తిరించి వాట్సాప్‌ల పెట్టకు, బొమ్మ నాణ్యం పోతది, పైగ తెలిసీతెల్వని పిల్లగాని మీద దొంగ ముద్ర పడ్తది. అసలు రికార్డును అట్లనే పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించి ఇయ్యాలె. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం దానితోపాటు ఒక ధ్రువపత్రం కూడ అడుగుతరు, ఠాణాల చెప్తరు ఎట్ల రాయాల్నో. రోడ్డు దిక్కు కెమెరా పెట్టేటోళ్ళను మన పోలీసులు ‘నేను సైతం’ పేరుమీద కలుపుకుంటున్నరు, మీ గల్లోళ్ళు నలుగురు కలిసి మూలమలుపుకు ఒకటి పెట్టిచ్చుకుంటే ఒక్కొక్క ఇంటి ఖర్చు తగ్గుతది. నీ వీడియోలు ఎవరన్నా దొంగిలించిన్రని అనుమానమొస్తే ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ కొట్టు, ఇంటి కాడ ఆపదైతే 100 గాని 112 గాని.

బిగించేటోళ్ళు వచ్చిననాడు బీడీలు, పత్తి, కైకిలి ఏ పనున్నా పక్కకు పెట్టి నువ్వు ఇంట్లనే ఉండు. నీ నంబరు మీదనే యాప్ తెరిపిచ్చు, పాస్‌వర్డ్ నీ వేళ్ళతోనే కొట్టు, అది కాగితం మీద రాసి బీరువాల దాచుకో. దుబాయిల ఉన్న ఆయనకు చూసే అనుమతి ఇయ్యాల్నంటే గేటు కెమెరాకు ఇయ్యి. పోయేముందు ఆ పిల్లగాన్ని గేటుకాడ నిలబెట్టి, చీకటిల, నెత్తికి తువ్వాల చుట్టుకొని నడిచి రమ్మను. ఫోన్‌ల అతని మొఖం ఆనవాలు పట్టినంకనే పైసలియ్యి.